ఇటాలియన్ ఆనర్స్ చదివే పిల్లలు రోజంతా ఏం చేస్తారు?

అరండల్‌పేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఢిల్లీలో ఇటాలియన్ ఆనర్స్ మొదటి సంవత్సరం ముగించుకొని సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చిన రెండు రోజులు నిద్రపోయింది, మూడో రోజు నుంచి తెల్లవారి అయిదున్నరకే డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతూ, గొంతెత్తి ఏదో చదువుతోంది. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "మీ అమ్మాయి హరికథ నేర్చుకుంటోందా?" అని అడిగారు. స్నేహితులతో ఫోన్లో మాట్లాడి పెట్టేసే ముందు ప్రతిసారీ "చావ్" అంటుంది. మొదటిసారి ఆ మాట విన్న మా అత్తగారు ఉలిక్కిపడి, "శుభమా అని ఇంటికొచ్చి ఆ అపశకునపు మాటలేమిటే" అని కసురుకున్నారు.

నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా చదువంటే కాగితం, కలం, నిశ్శబ్దం. డిసెంబరులో ఏదో నోటి పరీక్ష ఉందని, దానికి ఇప్పటి నుంచే గొంతు సిద్ధం చేసుకోవాలని తను అంటోంది. డిగ్రీ అయ్యాక ఎం.ఎ.కు ఇటలీ వెళ్తానని కూడా అంటోంది. ఈ చదువులో పిల్లలు రోజంతా ఏం చేస్తారో, దాన్ని చదువని ఎలా గుర్తుపట్టాలో, చదివినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

కృష్ణలంక కుర్రాడు (విజయవాడ)

అమ్మా, నేను అదే చదువులో చివరి సంవత్సరం విద్యార్థిని. మీ అమ్మాయి చేస్తున్నది నూటికి నూరుపాళ్లు చదువే, ఇంకా చెప్పాలంటే మాలో చాలామంది మొదటి ఏడాది చేయకుండా తప్పించుకున్న చదువు. ముందుగా మీ అత్తగారి భయం తీరుస్తాను. "చావ్" అనేది కలిసినప్పుడూ విడిపోయేటప్పుడూ చనువున్నవాళ్లు చెప్పుకునే పలకరింపు. వెనిస్ ప్రాంతపు మాండలికంలో "మీ దాసుణ్ణి" అనే మాట అరిగి అరిగి ఇలా మిగిలింది. మన "దాసోహం"కు దూరపు చుట్టమని చెబితే పెద్దావిడ ఊరట చెందుతారేమో.

మా రోజు గురించి చెబుతాను. ఈ కోర్సులో చేరేటప్పటికి దాదాపు ఎవరికీ ఇటాలియన్ అక్షరం ముక్క రాదు, సున్నా నుంచి మొదలుపెడతారు. వారంలో ఎక్కువ గంటలు భాషకే పోతాయి: వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం. రెండో సెమిస్టరు వచ్చేసరికి అధ్యాపకులు ఇంగ్లీషు మాట్లాడటం బాగా తగ్గిస్తారు. అర్థం కాకపోతే చేతులు ఊపుతారు, బొమ్మ గీస్తారు, బల్ల ఎక్కినా ఎక్కుతారు గానీ ఇంగ్లీషులో మాత్రం చెప్పరు. ఆ తరవాత సాహిత్యం, చరిత్ర, కళ, సినిమా వచ్చి చేరతాయి. అక్టోబరులో ప్రపంచమంతటా ఇటాలియన్ భాషా వారోత్సవం జరుపుతారు, 2001 నుంచి జరుగుతోంది. ఆ వారం మాకు పెళ్లివారి హడావుడి. ఒకరు పద్యం చదవాలి, ఒకరు చిన్న నాటకం వేయాలి, వంట వచ్చినవాడు వంటకం చేస్తూ ఆ పద్ధతిని ఇటాలియన్‌లో చెప్పాలి.

ఇక నాకు ఎదురైన అసలు కష్టం వేరు. నేను ఇంటర్మీడియట్ రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివాను. పొద్దున అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, మధ్యలో ఎవరైనా నోరు విప్పితే ఫ్లోర్ ఇన్‌ఛార్జి వచ్చి నిలబెట్టేవారు. మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఢిల్లీలో మొదటి వారం మేడమ్ నన్ను చూపించి "నీ గురించి మూడు వాక్యాలు చెప్పు" అంటే, ఆ మూడు వాక్యాలూ నోటుబుక్కులో తప్పులేకుండా రాసుకొని ఉండి కూడా, నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. భాష రాక కాదు, మాట్లాడే అలవాటు తప్పిపోయి. మన ప్రాంతం నుంచి వచ్చిన పిల్లల్లో ఈ ఇబ్బందిని తరవాత చాలామందిలో చూశాను. అందుకే మీ అమ్మాయి డాబా ఎక్కి గొంతెత్తుతోందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

విశ్రాంత తెలుగు మాస్టారు (గుంటూరు)

నాకు ఇటాలియన్ రాదు గానీ, మా మనవడు నేర్చుకుంటూ ఉంటే పక్కన కూర్చొని విన్నవాణ్ణి కనుక రెండు మాటలు చెబుతాను. తెలుగును "ప్రాచ్య ఇటాలియన్" అన్న మాట 15వ శతాబ్దపు వెనిస్ యాత్రికుడు నికోలో దె కోంతి పేరు మీద ప్రచారంలో ఉంది. ఏటా ఆగస్టు 29న సభల్లో ఆ మాట చెప్పుకొని, చప్పట్లు కొట్టుకొని, ఇంటికి వెళ్లిపోతాం. అందులో ఏ మేరకు నిజముందో నోటితో పరీక్షించి చూసేవారు తక్కువ.

రెండూ అజంత భాషలన్నది, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయన్నది, పైకి కనిపించే పోలిక. లోపల ఇంకా పోలికలున్నాయి. ఇటాలియన్‌లో ఒత్తు ఉంటే ఒక అర్థం, లేకపోతే మరో అర్థం. "నోనో" అంటే తొమ్మిదవది, "నోన్నో" అంటే తాతయ్య. "సేతె" అంటే దాహం, "సెత్తె" అంటే ఏడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఈ తేడా పలకడానికి నెలల తరబడి తంటాలు పడతారట. కల, కల్ల, బలి, బల్లి అని పుట్టినప్పటి నుంచీ పలికే మన పిల్లలకు ఇదొక సమస్యే కాదు.

రెండోది, త, ద. ఇటాలియన్‌లోని ఆ అక్షరాలు మన త, ద లాగా పళ్లకు నాలుక ఆనించి పలికేవే. ఇంగ్లీషు మీదుగా వచ్చిన అలవాటు కొద్దీ వాటిని ట, డ చేస్తున్నాం. పాస్తాను మాత్రం "పాస్తా" అనే అంటాం, అదొక్కటీ సరిగ్గా ఉంది.

మూడోది నాకు మిక్కిలి ప్రీతికరమైనది. మన పాత వాచకాల్లో చ మీద, జ మీద గుర్తు పెట్టి ౘ, ౙ అని రాసేవారు. ఇప్పుడు రాత నుంచి ఆ గుర్తు పోయింది గానీ, నోటి నుంచి పోలేదు. చుక్క, చొక్కా అన్నప్పటి "చ" వేరు, చిలక అన్నప్పటి "చ" వేరు. జడ, జొన్న అన్నప్పటి "జ" వేరు, జిల్లా అన్నప్పటి "జ" వేరు. మన దంత్య చకారం, దంత్య జకారం ఇటాలియన్‌లో ఉన్నాయి. మనం "పిజ్జా" అని పిలిచే పదార్థాన్ని వాళ్లు "పిౘ్ౘ" అన్నట్టు పలుకుతారు. బ్రాడీపేటలో ఎవరైనా అలా ఆర్డరు చేస్తే ఏమవుతుందో చెప్పలేను. మా మనవడికి వాళ్ల పంతులుగారు ఈ ధ్వని నేర్పడానికి అవస్థ పడుతుంటే, నేను "చొక్కా అనరా" అన్నాను. అంతటితో పాఠం పూర్తయింది.

పెరూజా నుంచి (స్వస్థలం విజయవాడ)

మాస్టారూ, ఆ "చొక్కా" ఉపాయం నాకు నాలుగేళ్ల క్రితం తెలిసి ఉంటే ఎంత బాగుండేది! నేను ఢిల్లీలో ఆనర్స్ చదివి, ప్రస్తుతం ఇటలీలో ఎం.ఎ. రెండో సంవత్సరంలో ఉన్నాను. అమ్మగారూ, ఇక్కడి చదువు గురించి మీరు ముందుగా తెలుసుకోవలసింది పరీక్ష పద్ధతి.

ఇక్కడ ప్రతి సబ్జెక్టుకూ 30 మార్కులు, 18 వస్తే ఉత్తీర్ణత. మరీ బాగా చెబితే 30తో పాటు "లోదె", అంటే ప్రశంస, ఇస్తారు. పరీక్షల్లో అధిక భాగం నోటి పరీక్షలే. మనలాగా ఏడాదికి ఒకసారి హాల్ టికెట్ పట్టుకొని వెళ్లడం ఉండదు, ఒక్కో సెషన్‌లో రెండు మూడు తేదీలు ప్రకటిస్తారు, సిద్ధంగా ఉన్న తేదీకి పేరు నమోదు చేసుకోవాలి. ఆ రోజు ప్రొఫెసరు గదిలో ఆయన బల్లకు అటువైపు, మనం ఇటువైపు, వెనక కుర్చీల్లో తమ వంతు కోసం ఎదురుచూసే తోటి విద్యార్థులు. మనం చెప్పేది వాళ్లందరూ వింటూ ఉంటారు. చివరికి ప్రొఫెసరు మార్కు చెప్పి, "అంగీకరిస్తారా?" అని అడుగుతారు. నచ్చకపోతే వద్దని చెప్పి, మరో తేదీకి మళ్లీ రావచ్చు. మార్కు వద్దని చెప్పే హక్కు విద్యార్థికి ఉంటుందని మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు ఫోన్‌కాల్స్ పట్టాయి.

నా మొదటి పరీక్ష సాహిత్య చరిత్రలో. ఇటలీ నవలాకారుడు మంజోనీ తన నవలను 1827లో ప్రచురించిన తరవాత, ఫ్లోరెన్సులో జనం మాట్లాడే భాషకు దగ్గరగా మొత్తం తిరగరాసి, 1840లో మళ్లీ వెలువరించడం మొదలుపెట్టిన వైనం అందులో ముఖ్యమైన పాఠం. నేను ఆ అధ్యాయాన్ని, తేదీలతో సహా, బెజవాడ పద్ధతిలో బట్టీ పట్టాను. ప్రొఫెసరు ప్రశ్న అడగగానే మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు అప్పజెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా చెయ్యి ఎత్తి ఆపి, "ఇది పుస్తకంలో ఉంది, నేను చదివాను. ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి. ఆయన ఎందుకు తిరగరాశారు? మీ దేశంలో ఇలాంటిది జరిగిందా?" అని అడిగారు. నా తల పలకలా ఖాళీ అయిపోయింది. గిడుగు రామమూర్తి గారి పేరు, గ్రాంథిక, వ్యావహారిక వాదాల పేర్లు పదో తరగతి నుంచీ తెలుసు. అవన్నీ పక్కనే ఉన్నాయి, కానీ చెయ్యి చాచి అందుకోవడం రాలేదు. 19 ఇచ్చారు. వద్దన్నాను. మూడు వారాల తరవాత మళ్లీ వెళ్లి, మంజోనీ దగ్గర మొదలుపెట్టి గిడుగు వారి పర్లాకిమిడి దాకా వెళ్లాను. మన గ్రాంథిక, వ్యావహారిక వాదాలు బడి పుస్తకాల భాష గురించిన తగవులని చెబుతుంటే ఆవిడ కలం పక్కన పెట్టి విన్నారు. 28 వచ్చింది.

మరొక సంగతి. పరీక్షకు వెళ్లేవాళ్లకు ఇక్కడ శుభాకాంక్షలు చెప్పరు. "తోడేలు నోట్లోకి!" అంటారు. "అది చావనీ" అని జవాబివ్వాలి. "చావ్"కే కంగారుపడిన మీ అత్తగారికి ఇది ఇప్పుడే చెప్పకండి.

ఏలూరు రోడ్డు పాఠకుడు (విజయవాడ)

అన్నీ బాగున్నాయి. అయితే నాలుగేళ్లు ఇంత ఖర్చు పెట్టి చొక్కా, జడ పలకడం నేర్చుకుంటే ఉద్యోగం ఎక్కడ వస్తుందో కూడా ఎవరైనా చెబితే ఆ తల్లికి మేలు చేసినవారవుతారు. ఈ మధ్య ఏ కోర్సు గురించి అడిగినా అనుభూతులే చెబుతున్నారు గానీ జీతం ఎవరూ చెప్పడం లేదు.

అనువాదకుడు (మంగళగిరి)

ప్రశ్న న్యాయమైనదే కనుక సూటిగా సమాధానం చెబుతాను. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లాగా క్యాంపస్‌కు వచ్చి వరసపెట్టి తీసుకుపోయే పరిస్థితి ఈ చదువుకు లేదు. బోధన, అనువాదం, దుబాసీ పని, పర్యాటకం, ఇటలీతో వ్యాపారం చేసే సంస్థల్లో సమన్వయం, ఇవీ దారులు. బోధనలోకి వెళ్లాలంటే పై చదువు తప్పదు. మనకు దగ్గర్లో హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో హిస్పానిక్, ఇటాలియన్ అధ్యయనాల విభాగం ఉంది.

నా అనుభవం చెబుతాను. నాకు మొదటి దుబాసీ పని చీమకుర్తిలో దొరికింది. అక్కడి గెలాక్సీ గ్రానైటు కొనడానికి వచ్చిన ఇద్దరు ఇటలీ వ్యాపారులకు, క్వారీ మేస్త్రీకి మధ్య మూడు రోజులు నిలబడ్డాను. మేస్త్రీ ఒక రాతి దిమ్మను సుత్తితో కొట్టి, చెవి పెట్టి, "ఇది పలకదండీ, లోపల జీర ఉంది" అన్నాడు. కొనేవాళ్లు అదే దిమ్మ మీద నీళ్లు పోయించి, తడి ఆరుతున్నప్పుడు గీత ఎక్కడ నిలుస్తుందో చూస్తూ వాళ్ల మాటల్లో అదే చెప్పారు. "పలకదు", "జీర" అన్న మాటలకు నా డిగ్రీ పుస్తకాల్లో ఇటాలియన్ పదాలు లేవు. మొదటి రోజు సాయంత్రం వరకు వేలు పెట్టి చూపిస్తూ నెట్టుకొచ్చాను, రాత్రి బసలో కూర్చొని వాళ్లనే అడిగి పదాలు రాసుకున్నాను. మూడో రోజుకు బేరంలో ఇరుపక్షాలూ నన్ను చూడకుండా ఒకరినొకరు చూసుకొని మాట్లాడటం మొదలుపెట్టారు. దుబాసీకి అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఆ పనికి వచ్చింది నా మార్కుల జాబితా కాదు, తెలియని మాట దగ్గర సిగ్గుపడకుండా ఆగి అడగగలిగిన నోరు.

జీతం అంకె అడిగారు కనుక చెబుతున్నాను, నాకు నెల జీతం లేదు. కొన్ని నెలలు నిండుగా ఉంటాయి, కొన్ని నెలలు ఖాళీగా ఉంటాయి. ఆ ఎగుడుదిగుళ్లు భరించగల కుటుంబమేనా అన్నది ఆ తల్లి చూసుకోవలసిన లెక్క.

గుణదల నివాసి (విజయవాడ)

చిన్న మాట. మన ఊరికి ఇటలీ అంత దూరపు సంగతేమీ కాదు. గుణదల కొండ మీద 1924లో మేరీమాత విగ్రహాన్ని నెలకొల్పిన ఫాదర్ ఆర్లాతి ఇటలీ నుంచి వచ్చిన మతగురువు. ఆ తరం వాళ్లు ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు, మన పిల్లలు అక్కడికి వెళ్లి ఇటాలియన్ నేర్చుకుంటున్నారు.

అరండల్‌పేట అమ్మ (గుంటూరు)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏలూరు రోడ్డు పాఠకుడు గారూ, మీరు నా మనసులోని ప్రశ్నే అడిగారు, అనువాదకుడు గారి జవాబు నిక్కచ్చిగా ఉంది. పెరూజా అమ్మాయీ, మాది ఇద్దరు జీతగాళ్ల ఇల్లే గానీ చిన్నవాడి ఇంజినీరింగు ఫీజు కూడా ఉంది. ఇటలీ ఖర్చు, కాగితాల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పగలవా తల్లీ?

పెరూజా నుంచి (స్వస్థలం విజయవాడ)

తప్పకుండా అమ్మగారూ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఎక్కువ చోట్ల కుటుంబ ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తారు. ప్రాంతీయ ప్రభుత్వాలు ఇచ్చే విద్యార్థి వేతనం కూడా ఆదాయం మీదే ఆధారపడుతుంది. అందువల్ల తల్లిదండ్రులిద్దరి ఆదాయం, ఆస్తి, బ్యాంకు నిల్వ చూపే పత్రాలను వేసవిలోనే సిద్ధం చేసుకోవాలి. వాటికి అపోస్టిల్ ముద్ర (మన పత్రం విదేశంలో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ), ఇటాలియన్ అనువాదం అవసరమవుతాయి. మా ఇంట్లో ఆస్తి పత్రంలో నాన్న ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో మరోలా ఉండి, దాన్ని సరిచేయించడానికే నెల రోజులు పట్టింది. ఈ ఒక్క విషయం ఇప్పుడే సరిచూసుకోండి. వీసాకు ముందు యూనివర్సితాలీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ముందస్తు నమోదు చేయాలి. దిగిన తరవాత 8 పనిదినాల్లో పోస్టాఫీసు ద్వారా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి, దాని మీద 16 యూరోల స్టాంపు అతికించాలి. విద్యార్థులు వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు గానీ, మొదటి ఏడాది దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

భోజనం సంగతి మీరు అడగలేదు, అమ్మలు తరవాతైనా అడుగుతారు. "మెన్సా" అని విద్యార్థుల భోజనశాల ఉంటుంది, కడుపు నిండుతుంది. నాలుక సంగతి అంటారా, గోంగూర పచ్చడి సీసాను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పంపండి. మా అమ్మ ఒక్క కవరులో పంపింది, నా నిఘంటువు ఈనాటికీ ఆ వాసనే వేస్తుంది.

కృష్ణలంక కుర్రాడు (విజయవాడ)

అక్కా, కాగితాల గురించి చెప్పింది నాకూ పనికొచ్చింది. నేనొకటి కలుపుతాను. మేము నలుగురు తెలుగువాళ్లం ఆదివారాలు కూర్చొని ఇటాలియన్ సంభాషణలను ఇంగ్లీషు ముట్టుకోకుండా నేరుగా తెలుగులోకి తెస్తున్నాం. క్లాసులో "బో" అనే చిన్న మాటకు అరపేజీ వివరణ ఇచ్చారు: ఒకడు భుజాలెగరేసి, తెలియదని, తెలుసుకునే ఆసక్తి కూడా పెద్దగా లేదని సూచిస్తాడట. మేం "ఏమో" అని రాసి ముందుకు వెళ్లిపోయాం. క్రియలు కూడా అంతే. "వస్తాను" అన్నప్పుడు "నేను" అనక్కరలేదు, క్రియ చివరే మనిషిని చెబుతుంది, వాళ్లకూ అంతే. ప్రొఫెసరును "లెయి" అని గౌరవంగా పిలవాలి, స్నేహితుణ్ణి "తు" అనాలి. మీరు, నువ్వు తెలిసినవాడు అక్కడ పొరపాటు పడడు. మాకు తగిలే దెబ్బంతా లింగం దగ్గరే. బల్ల ఎందుకు పుంలింగమో, కుర్చీ ఎందుకు స్త్రీలింగమో ఏ తెలుగువాడికీ లోపల నుంచి తట్టదు. ఒక్కో పదాన్నీ దాని ముందుండే చిన్న మాటతో కలిపి పైకి చదివి, నోటికి అలవాటు చేయడం ఒక్కటే మార్గం. డాబా మీద జరుగుతున్నది బహుశా అదే.

విశ్రాంత తెలుగు మాస్టారు (గుంటూరు)

మేము అమరకోశం వల్లె వేసింది కూడా లింగం కోసమే నాయనా. అరుగు మీద కూర్చొని, పైకి, గొంతెత్తి. అప్పుడు ఏ పిన్నిగారూ గోడ మీదుగా చూడలేదు.

అరండల్‌పేట అమ్మ (గుంటూరు)

ఇవన్నీ చదివాక నిన్న తెల్లవారి నేను కూడా కాఫీ గ్లాసు పట్టుకొని డాబా మీదికి వెళ్లాను. డిసెంబరు పరీక్ష సియెనా విశ్వవిద్యాలయం వారిదని, వినడం, చదవడం, రాయడం, వ్యాకరణం, మాట్లాడటం అయిదింటిలోనూ ఒక్కోదానిలో 20కి కనీసం 11 రావాలని, ఒకదానిలో ఎక్కువ వచ్చినా మరోదాని లోటు పూడదని చెప్పింది. లెక్కల మనిషిని కనుక ఆ నిబంధన నాకు వెంటనే అర్థమైంది. పెరూజా అమ్మాయి రాసింది గుర్తొచ్చి, తన చేతిలోని పుస్తకం తీసుకొని నా వెనక పెట్టుకొని, "ఇప్పుడు నాకు తెలుగులో చెప్పు" అన్నాను. కాసేపు బిక్కమొహం వేసింది. తరవాత మొదలుపెట్టి, ఒక చిన్న పల్లెటూరి నుంచి నగరానికి పనికి వచ్చిన కుర్రాడి కథ చెబుతూ, ఆ కుర్రాడు తిరిగి ఎందుకు వెళ్లలేదో చెప్పవలసిన చోట ఆగిపోయింది. పుస్తకం ఇమ్మని చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. "అక్కడ నాకే సరిగ్గా అర్థం కాలేదమ్మా" అని తనే అని, మళ్లీ ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఈ రోజు పొద్దున ఆ చోటు దాటింది.

పిన్నిగారు మళ్లీ గోడ దగ్గరికి వచ్చారు. ఈసారి ఆవిడ అడిగింది వేరే ప్రశ్న, ఆ కుర్రాడు చివరికి ఊరికి వెళ్లాడా లేదా అని.